గద్వాల అంచు మీద నా బ్లేడు

2023, మే నెల. వనపర్తి పాత బజారు దగ్గర ఒక సందులో నాది ఎనిమిదడుగుల కొట్టు. ఒక మిషను, ఒక కటింగ్ బల్ల, గోడకు కొట్టిన మేకులకు టేపులు, కత్తెరలు. ఆడపిల్లల లంగాలు కుట్టడంలో ఈ చుట్టుపక్కల మూడు జిల్లాల్లో నన్ను మించినవాడు లేడని అప్పటికి నలభై ఏళ్లుగా చెప్పుకుంటున్నాను. నేను కుట్టిన లంగాలన్నీ విప్పి పరిస్తే వనపర్తి నుంచి గద్వాల దాకా రోడ్డు కనబడదని కూడా అనేవాణ్ని. నోటితో చెప్పింది గాలికి పోతుంది గాని కాగితం మీద పెట్టింది పోదు కాబట్టి ఇక్కడ సరిచేస్తున్నాను. సగం దారిలో ఉన్న పెబ్బేరు దాకా వస్తే గొప్ప.

నా పనుల్లో గొప్పదాని గురించి రాయమన్నారు. నేను మరిచిపోలేని దాని గురించి రాస్తున్నాను. రెండూ ఒకటి కావు.

ముందు పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు ఎంతటిదో మీకు తెలియదు. లంగా అంటే నడుముకు బిగించే గుడ్డేగా అని మగవాళ్లు అనుకుంటారు. చీర లోపలి లంగాకు ఆరు కలీలు. కలీ అంటే పైన సన్నగా, కింద వెడల్పుగా కోసిన పట్టీ. ఒకదాని పక్కన ఒకటి తలకిందులుగా పెట్టి కోస్తే గుడ్డ దండగ కాదు. బడి పిల్లల స్కర్టుకు బాక్స్ ప్లీట్, అంటే రెండు మడతలు వీపు వీపు ఆనించినట్టు పెట్టెలాగా నిలబడేది. దానికి నడుము కొలతకు మూడింతల గుడ్డ కావాలి. అంబ్రెల్లా కట్‌కు గుడ్డను నాలుగు మడతలు వేసి, మూల నుంచి టేపు పట్టుకొని గుండ్రంగా గీసి కోస్తాం. పిల్ల గిర్రున తిరిగితే గొడుగులా లేస్తుంది. తండాల లంబాడీ ఆడవాళ్లు కట్టే పేటియా లంగాలకు నేను నడుము పట్టీ మాత్రమే వేసి ఇచ్చేవాణ్ని. అద్దాల కుట్టు అంతా వాళ్లదే. వాళ్ల ముందు నేను గొప్పలు చెప్పను, నవ్వుతారు.

ఇక చీరతో కుట్టే పట్టు పరికిణి. అందులో వంకర కోత ఉండదు. చీర పొడవు కుచ్చిళ్లుగా నడుము చుట్టూ పోతుంది, చీర వెడల్పు పిల్ల ఎత్తు అవుతుంది, అంచు పాదాల దగ్గర ఎక్కడా తెగకుండా చుట్టి వస్తుంది. ఎత్తు ఎక్కువైతే లోపల టక్ పెడతాం. టక్ అంటే అడ్డంగా వేసి కుట్టిన మడత. పిల్ల ఎదిగినకొద్దీ విప్పుకోవచ్చు.

ఆ గురువారం పొద్దున సుజాత వచ్చింది. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తుంది, ఇరవై ఏళ్లుగా నా గిరాకీ. వెంట కూతురు శ్రావణి, పదో తరగతి పరీక్షలు రాసిన పిల్ల. సుజాత సంచిలోంచి తెల్లగుడ్డలో చుట్టిన చీర తీసి బల్ల మీద పెట్టింది. నడిమి భాగం పాలమీగడ రంగు నూలు, అంచూ కొంగూ కుంకుమ రంగు పట్టు, అంచు మీద వరసగా జరీ గోపురాలు. నేను చెయ్యి తుడుచుకొని గాని ముట్టుకోలేదు.

“మాస్టరూ, మా అన్న పంపిండు ఇది. గద్వాలకు పోయి మగ్గం కాడ కూసొని నేపిచ్చిండు. ఆదివారం పిల్లకు ఓణీల ఫంక్షన్. దీన్నే లంగ కుట్టాలె,” అంది.

మా దిక్కు ఓణీల ఫంక్షన్‌కు పిల్ల కట్టుకునే బట్ట మేనమామ పెట్టాలి. ఆ మేనమామ కుర్మయ్య. ఊరు తెలకపల్లి దగ్గర, పని పుణెలో సెంట్రింగ్ మేస్త్రీ. అంటే స్లాబు పోసే ముందు చెక్కలు, రాడ్లు దారం పట్టి వరసకు కట్టించే మనిషి. అన్నాచెల్లెళ్లకు నాలుగేళ్లుగా మాటల్లేవని నాకు తెలుసు. ఎందుకో ఆ రోజే తెలిసింది. నాలుగేళ్ల కింద అతను పుణె నుంచి మేనకోడలికి ఒక గౌను పంపాడు. సుజాత అత్త దాన్ని ఎవరో చుట్టాల పిల్లకు ఇచ్చేసింది. కురుమూర్తి జాతరలో ఆ గౌను వేరే పిల్ల ఒంటి మీద కుర్మయ్య కళ్లపడింది. అక్కడి నుంచి అటే బస్సెక్కి పోయినవాడు మళ్లీ చెల్లెలి ఇంట్లో కాలు పెట్టలేదు.

“అత్త పోయినంక ఇప్పుడిప్పుడే మెత్తవడ్డడు,” అంది సుజాత. “ఫంక్షన్‌కు వస్త గని అన్నం తిన అంటుండు. బట్ట పిల్ల ఒంటి మీద చూసి పోత అన్నడు. మాస్టరూ, ఈ బట్టకేమన్న అయితే మా అన్న ఇగ మా గడప తొక్కడు. నీ చేతులల్ల పెడ్తున్న.”

శ్రావణి అప్పటికే ఫోను తెరిచి నా ముఖం ముందు పెట్టింది. అందులో ఒక పిల్ల తిరుగుతుంటే లంగా గొడుగులా లేచి నిలబడుతోంది. “తాతా, నాకు గిట్ల కావాలె. తిరిగితే గిట్ల లేవాలె.”

“మామ ఏం జెప్పిండే? అంచు తెగొద్దన్నడు గదా,” అంది తల్లి.

“తెంపమని నేనన్ననా? అంచు అంచులెక్కనే ఉండాలె, లంగ లేవాలె.”

“రెండూ అయితయా మాస్టరూ?”

నిజం చెప్పడానికి అదే సమయం. నేను కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, “ఎందుకు గావు? ఈ చేతితోటి గద్వాల చీరలు నలభై కోసిన. నువ్వు నిమ్మళంగ పో,” అన్నాను. తల్లి ముఖం తేటపడింది. పిల్ల ఫోను లోపల పెట్టుకుంది.

నలభై కాదు. నాలుగు కాదు. ఒక్కటీ కోయలేదు. గద్వాల చీర కొన్నవాళ్లు దాన్ని కట్టుకుంటారు, బీరువాలో దాచుకుంటారు, కత్తెర కిందికి పంపరు. నా దగ్గరికి వస్తే గిస్తే ఫాల్ కుట్టడానికి వచ్చేవి. నేను లెక్కలేనన్ని కోసినవి గద్వాల పేరు పెట్టి అమ్మే మిషను చీరలు. వాటిలో కొన్నింటికి అంచు విడిగా వస్తుంది, కుట్టి అతికిస్తారు. ఆ కుట్టు విప్పి, అంచు తీసి, కొత్త లంగాకు వేయడం నాకు నిద్రలో కూడా వచ్చే పని. నా కొంప ముంచింది ఆ అలవాటే.

శుక్రవారం పొద్దున్నే కొట్టు తెరిచాను. నా ఆలోచన ఇది. అంచును మొత్తంగా విడదీసి పక్కన పెట్టాలి. నూలు భాగాన్ని అంబ్రెల్లాగా కోయాలి. చివర తిరిగి ఆ అంచును కింద అతికించాలి. అంచు తెగదు, లంగా లేస్తుంది, ఇద్దరూ నన్ను పొగుడుతారు. చీరను వెలుతురుకు పెట్టి చూశాను. నూలూ పట్టూ కలిసే చోట సన్నటి గీత, చేతికి చిన్న గట్టులాగా తగులుతోంది. కుట్టు ఇదే అనుకున్నాను. ఎంత సన్నంగా వేశారో మహానుభావులు, అని మెచ్చుకున్నాను కూడా.

పాత కుట్లు విప్పడానికి మేం సగం విరిచిన బ్లేడు వాడతాం. రెండు గుడ్డల్నీ ఎడం చేత్తో ఎడంగా బిగబట్టి, నడుమ బ్లేడు ఆనించి లాగితే కుట్టు దారం పుట్‌పుట్‌మని తెగుతుంది. ఆ చప్పుడే మాకు గుర్తు. ఆనించాను. లాగాను. చప్పుడు రాలేదు. కొత్త దారం మెత్తగా ఉందేమో అనుకొని ఇంకాస్త లాగాను. అలా జానెడు పోయాక చెయ్యి ఆగింది. కుట్టు విప్పితే తెగిన దారం ముక్కలు దువ్వెన పళ్లలాగా లేస్తాయి, చేత్తో దులిపేస్తాం. ఇక్కడ దులపడానికేమీ లేదు. నూలు అంచునా, పట్టు అంచునా పోగులే విడివడి వేలాడుతున్నాయి.

నేను విప్పింది కుట్టు కాదు. కోసింది చీరనే.

బయటికి చూసి, షట్టర్ సగానికి దించాను. ఆ జానెడు సందును రెండు వేళ్లతో దగ్గరికి పట్టుకొని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. వదిలితే మళ్లీ తెరుచుకుంటోంది. మిషను మీద పెట్టి జిగ్‌జాగ్ కుట్టు వేద్దామా అనిపించింది. వేస్తే ఆ గోపురాల కింద నల్లపూసల దండలాగా కనబడుతుంది. నాలుగేళ్ల తరవాత మెత్తబడ్డ అన్న, గడప, తినని అన్నం, అన్నీ ఒకటి తరవాత ఒకటి కళ్ల ముందుకు వచ్చాయి.

“తాతా, నడుము నుంచి కింది దాకా కొలత ఇయ్యమన్నది అమ్మ,” అంటూ శ్రావణి షట్టర్ కింద నుంచి వంగి లోపలికి వచ్చింది.

దాచలేకపోయాను. చీర పెద్దది, నా చేతులు చిన్నవి. పిల్ల వచ్చి, నా వేళ్లు పక్కకు జరిపి చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

“గిది నువ్వే కోసినవా?”

“కుట్టు అనుకున్న బిడ్డా.”

“నలభై కోసిన అంటివి గద.”

నేను చీరను మడత పెట్టబోయాను. పిల్ల షట్టర్ వైపు చూసి, “అమ్మకు చెప్పకు. చెప్తే ఇప్పుడే మామకు ఫోన్ కొడ్తది, ఇద్దరు కొట్లాడుకుంటరు. మామను నేను చూడక నాలుగేండ్లాయె. ఎట్లన్న జేసి బాగుచెయ్ తాతా,” అంది. అని, పోబోతూ ఆగి, “నేను చెప్పకుండ ఉంట గని, లంగ మాత్రం లేవాలె,” అంది. ఆ వయసు పిల్లకు ఏది ముఖ్యమో అది ముఖ్యమే.

అప్పుడు ఆమెకు ఒక నిజం చూపించాను. పేపరు చింపి నిలువుగా ఒక పట్టీ తీసి, నా అన్నం ప్లేటు అంచు చుట్టూ పెట్టి పట్టుకోమన్నాను. ఒకవైపు పట్టుకుంటే ఇంకోవైపు పేపరు నలిగి పైకి లేస్తోంది. “గిదీ కథ. అంచు తిన్నగ నేసిన బట్ట. అంబ్రెల్లా కింద గుండ్రం. తిన్నగ ఉన్నది గుండ్రానికి తిరగదు. తిరగాలంటె కోయాలె, లేకుంటె ముడతలు వడ్తది.”

“మరి నిన్న అయితది అంటివి?”

“అయితది అనే అన్న.”

ఈ సంగతి నాకు ముందు నుంచీ తెలుసు. సన్నటి మడతలు పెట్టి ఎలాగో నెట్టేద్దాం, ఎవరు వంగి చూస్తారు అనుకున్నాను. పిల్లకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

చీర మడతలో నేసినవాళ్ల పేరూ వీధీ రాసిన చీటీ ఉంది. కొలత రాసుకొని, పిల్లను పంపి, చీర చంకలో పెట్టుకొని గద్వాల బస్సెక్కాను. బీచుపల్లి దగ్గర కృష్ణ బ్రిడ్జి దాటుతుంటే పక్క సీటాయన ఏదో అడిగాడు. ఎప్పుడూ బస్సులో నోరు మూయని నేను ఆ రోజు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇల్లు దొరికింది. వసారాలో గుంట మగ్గం. పద్మమ్మ అనే అరవై ఏళ్ల ఆవిడ కండెలకు దారం చుడుతోంది. వనపర్తి నుంచి వచ్చానని చెప్పి చీర విప్పాను, చూడగానే గుర్తుపట్టింది. జానెడు సందు చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది.

“ఏనప్పా, గిదెట్లయింది?”

“ఎలుక కొట్టిందమ్మా,” అన్నాను. అబద్ధం నా నోట్లోకి దానంతటదే వస్తుంది, నేను పిలవక్కరలేదు.

ఆమె తెగిన పోగుల్ని గోటి మీద పరిచింది. “మీ వనపర్తి ఎలుకలు బ్లేడు పట్టుకొని తిరుగుతయా? ఎలుక కొరికితే కొసలు నమిలినట్టుంటయి. మేకుకు తగిలితే పోగులు సాగి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి తెగుతయి. గివి సూడు, ముప్పై పోగులు ఒక్క కొలత మీద తెగినయి. ఎవరు కోసిన్రు?”

“నేనే.”

“దర్జీవా?”

“దర్జీనే. కుట్టు అనుకున్న.”

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. నన్ను మగ్గం దగ్గరికి తీసుకుపోయి వంగి చూడమంది. నడిమికి ఒక కండె, రెండు అంచులకు రెండు కండెలు. నూలు దారం అంచు దాకా వచ్చి, పట్టు దారం మెడలో చెయ్యేసి, తిరిగి తన దారిన పోతోంది. ప్రతి పోగూ అలాగే. “గిది ఒకలు అతికించింది గాదు. రెండూ పట్టుకున్నయి. మీరు కోస్తే రెండూ ఇడుస్తయి,” అంది.

తన దగ్గర మిగిలిన అదే రంగు పట్టు, అదే నూలు తీసింది. సన్నటి సూది. తెగిన ఒక్కో పోగుకు కొత్త పోగు జతచేసి, ఒకదాని మెడలోంచి ఇంకొకదాన్ని తిప్పి దగ్గరికి లాగుతూ రెండున్నర గంటలు తల ఎత్తలేదు. తెగిన పాత కొసల్ని ఎడమవైపు, అంటే లోపలి వైపు, అలాగే వదిలింది. కత్తిరించనా అన్నాను. “కత్తిరిస్తే ఊడుతయి. ఇప్పటికి కోసింది సాలదా?” అంది.

లేచి నిలబడి చూస్తే మరమ్మతు కనబడలేదు. దగ్గరికి వస్తే, గోపురాల కింద ఒక జానెడు మేర మెరుపు కొంచెం తక్కువ. వేలు పెడితే గట్టు కాస్త లావు.

“బట్ట తీసుకపోయినాయనకు చెప్పు,” అంది పద్మమ్మ. “రోజంత నా మగ్గం పక్కపొంటి కూసున్నడు. అన్నం తినమంటె గూడ లేవలే.”

“చెప్త,” అన్నాను. చెప్పాలనుకోలేదు.

శనివారం పొద్దంతా కుట్టాను. కొంగు దగ్గర ఒక్క అడ్డకోత తప్ప కత్తెర ఎక్కడా పెట్టలేదు. నడుము దగ్గర నైఫ్ ప్లీట్స్ వేశాను, అంటే అన్నీ ఒకే వైపు వాలే సన్నటి మడతలు. శ్రావణికి ఇచ్చిన మాట కోసం లోపల వేరే లంగా కుట్టాను. లైనింగ్ గుడ్డతో అంబ్రెల్లా కట్, దాని కింద వరసగా క్యాన్‌క్యాన్, అంటే లంగాను ఎత్తి పట్టే బిరుసు నెట్. గొడుగు లోపల ఉంటుంది, అంచు బయట తిన్నగా తిరుగుతుంది. ఈ పద్ధతి నేనే కనిపెట్టానని తరవాత చాలామందికి చెప్పాను. నేను కనిపెట్టలేదు. శ్రావణి ఫోనులోనే ఇంకో వీడియోలో ఉంది.

ఎడమ పక్క మూడో మడతను మిగతావాటికంటే లోతుగా వేసి, మరమ్మతు చేసిన జానెడు ముక్కను దాని లోపలికి పంపాను. మడత మూసుకొని ఉంటే బ్రహ్మదేవుడికి కూడా కనబడదు. సాయంత్రం లంగా ఇస్తూ పిల్లతో మెల్లగా అన్నాను: “రేపు మాత్రం జోరుగ తిరగకు బిడ్డా. మెల్లగ నడువు.”

“తిరగనీకె గదా కుట్టిచ్చుకున్నది,” అంది గాని, తల ఊపింది.

ఆదివారం వాళ్ల ఇంటి ముందు టెంటు వేశారు. నన్ను పిలిచారు. పోకపోతే అనుమానం వస్తుందని పోయాను. కుర్మయ్య టెంటు మొదట్లో ప్లాస్టిక్ కుర్చీలో ఒక్కడే కూర్చున్నాడు. నలభై అయిదేళ్ల మనిషి, చేతులు సిమెంటుకు కాయలు కాసి ఉన్నాయి. చెప్పులు కుర్చీ పక్కనే విడిచి పెట్టుకున్నాడు, లేవగానే వేసుకునేలాగా. సుజాత రెండుసార్లు టీ తెచ్చింది. రెండుసార్లూ “తాగొచ్చిన” అన్నాడు.

శ్రావణి బయటికి వచ్చింది. కుంకుమ రంగు అంచు పాదాల చుట్టూ తెగకుండా తిరుగుతోంది, గోపురాలు వరసగా నిలబడ్డాయి. కుర్మయ్య కుర్చీలోంచి లేచాడు. చెల్లెలి వైపు చూసి చిన్నగా తల ఊపాడు. నాలుగేళ్లలో ఎదురుగా ఆమెకు దక్కిన మన్నన అదే మొదటిది. సుజాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కుర్చీలో వెనక్కి ఆనుకున్నాను.

“ఒకసారి తిరుగు బిడ్డా, సూస్త,” అన్నాడు కుర్మయ్య.

పిల్ల నా వైపు చూసింది. మెల్లగా, దేవుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు తిరిగింది.

“గదేం తిరుగుడే. ముసలవ్వ లెక్క,” అని పక్కింటి ఆడపిల్లలు నవ్వారు. “జర జోరుగ తిరుగు,” అన్నాడు మేనమామ కూడా, నవ్వుతూ. ఆ నవ్వు చూశాక ఏ పిల్ల ఆగుతుంది. గిర్రున తిరిగింది. క్యాన్‌క్యాన్ నేను కుట్టినట్టే పనిచేసింది. లంగా లేచింది, మడతలన్నీ విచ్చుకున్నాయి, మూడోది కూడా.

జీవితమంతా గోడలూ స్లాబులూ దారానికి సరిగ్గా ఉన్నాయా అని చూసే కన్ను అది. “ఆగు,” అన్నాడు. పిల్ల ముందు గొంతుకూర్చొని, అంచు పట్టుకొని బొటనవేలితో రాశాడు. ఒకచోట వేలు ఆగింది. తిప్పి లోపలి వైపు చూశాడు.

“ఇదేంది?”

సుజాతకు ఏమీ తెలియదు; తనూ వంగి అంచు చూసింది.

“గేటు మేకుకు తగిలింది మామా,” అంది శ్రావణి. “నేనే సూసుకోలే. కుట్టిచ్చిన.”

కుర్మయ్య లేచి నిలబడ్డాడు. మేనకోడలిని చూడలేదు, చెల్లెల్ని చూశాడు. “గప్పుడు గౌను ఎవరికో ఇస్తిరి. గిప్పుడు చీర మేకుకు తగిలిస్తిరి. నేను తెచ్చిన బట్ట మీ ఇంట్ల ఇంతేనా సుజాతా?” గొంతు పెంచలేదు. ఒక కాలు చెప్పులో పెట్టాడు.

నేను ఆ పిల్లకు అబద్ధం ఆడమని చెప్పలేదు. కాని నా దగ్గరే నేర్చుకుంది. నేను అడ్డం పోయి నిలబడ్డాను.

“కుర్మయ్యా, మేకు గాదు. నేను కోసిన. బ్లేడుతోటి.”

అతను నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. “నువ్వు పెద్దోనివి. పిల్లను కాపాడనీకె చెప్తున్నవ్. నాకు తెల్వదా?”

“నిజం చెప్తున్న.”

వెనక కుర్చీల్లోంచి ఎవరో నవ్వారు. “తాత మాటలు నమ్ముతవా కుర్మయ్యా? నైజాం నవాబుకు షేర్వాణీ కుట్టిన అని గూడ చెప్తడు.” ఇంకొకరు, “గా నవాబు రాజ్యం పొయినంకనే పుట్టినట్టున్నడు,” అన్నారు. టెంటంతా నవ్వింది. సుజాత కూడా నా చెయ్యి పట్టుకొని, “నువ్వు ఊకో మాస్టరూ, మా కోసం నీ మీద ఏసుకోకు,” అంది. నలభై ఏళ్లు నేను చెప్పిన గొప్పలన్నీ నమ్మినట్టు నటించిన ఊరు, నేను ఒక్క నిజం చెప్పిన రోజు నమ్మలేదు. అతను రెండో చెప్పు కూడా వేసుకున్నాడు.

నా చేతిలో మిగిలింది నా పని ఒక్కటే. శ్రావణి పాదాల దగ్గర నేల మీద కూలబడి అంచు తిప్పి పట్టుకున్నాను. “కుర్మయ్యా, నన్ను నమ్మకు. దారాన్ని నమ్ము. వంగి సూడు.”

ఏ కళనున్నాడో, వంగాడు.

“మేకుకు తగిలితే ఎట్ల చినుగుతది? మూలకు, ఎల్ ఆకారంల. పోగులు సాగి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి తెగుతయి. లోపల పాత కొసలున్నయి, సూడు. అన్ని ఒక్కటే కొలత. నూలుకు పట్టుకు నడుమ జానెడు పొడుగున ఎటు వంకర పోలే. పుణెల నువ్వు దారం కడ్తవు గద. ఏ మేకన్న గింత తిన్నగ పోతదా?”

కుర్మయ్య వేలి గోటిని ఆ గీత వెంట ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించాడు. మళ్లీ ఇటు తెచ్చాడు. నా నేరాన్ని అంత బాగా రుజువు చేయగలనని నాకే తెలియదు.

“పోదు,” అన్నాడు చివరికి. “దారం కట్టినట్టె ఉంది.” అంచు వదిలి, “ఎందుకు కోస్తివి?”

“అంచు కుట్టి అతికిచ్చిన్రు అనుకున్న. ఇప్పుదామని.”

“గద్వాల చీరలు నలభై కోసిన అన్నవంట. మా చెల్లె ఫోన్ల చెప్పి మురిసింది. నలభై కోసినోనికి కుట్టేదో నేత ఏదో తెల్వదా?”

టెంటు నిండా నా గిరాకీలే. నలభై ఏళ్ల గిరాకీలు.

“ఒక్కటి గూడ కోయలే,” అన్నాను. “గిదే మొదటిది.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. గద్వాలకు పోయింది, ఎలుక అన్నది, పద్మమ్మ బాగుచేసింది, చెప్పమన్నా చెప్పనిది అన్నీ చెప్పాను. ఆమె పేరు వినగానే అతని ముఖం మారింది. “ఆమె చెయ్యా ఇది?” అని మళ్లీ అంచు తడిమాడు. తరవాత శ్రావణి వైపు తిరిగాడు. “నువ్వెందుకు నీ మీద ఏసుకుంటివే?”

“తాతను తిడ్తవని,” అంది పిల్ల. “తిట్టి, మళ్ల పోతవని.”

కుర్మయ్య చెప్పులు ఇంకా కాళ్లకే ఉన్నాయి. నేను వాటినే చూస్తున్నాను. వంగి ఒకటి తీశాడు. రెండోది తీశాడు.

“సుజాతా, రెండు ఇస్తరాకులు ఏయి,” అన్నాడు. “ఒకటి నాకు. ఒకటి ఈ పెద్దాయనకు. అన్నం తినుకుంట తిడ్త, అప్పుడు లేచి పోను.”

అన్నట్టే తిట్టాడు. పప్పు వేసినప్పుడు ఒక దఫా, పెరుగు వేసినప్పుడు ఇంకో దఫా. సుజాత వడ్డిస్తూ ఏడుస్తూనే ఉంది, ఇద్దరికీ మారు అన్నం పెట్టింది. వద్దనలేదు, అతనూ నేనూ కూడా.

చీరను కోయాల్సి వస్తే ఇప్పుడు ముందు తిరగేసి, ఎడమవైపు వెలుతురుకు పెట్టి చూస్తాను. రెండు గుడ్డలు కలిసిన చోట ఎవరు కలిపారో, ఎలా కలిపారో తెలిసేదాకా బ్లేడు పెట్టెలోనే ఉంటుంది. తెలియకపోతే తెల్వదని గిరాకీ ముఖం మీదే చెబుతాను. ఆ మాట మొదట్లో గొంతులో ఇరుక్కునేది, ఇప్పుడు బాగానే వస్తోంది. దాంతో నా గిరాకీ సగం పోయింది.

సగం అని రాశాను గాని, పోయింది ఇద్దరే. అందులో ఒకరు ఊరు మారారు.